రిజర్వులో డిజైర్

లక్ష్మీనర్సయ్య కారు కొన్న తీరు దూరం నుంచి చూసినవాళ్ళు, ఆయన మిరపకాయలు కొంటున్నాడనే అనుకుని ఉంటారు.

గండిపేటలో గేటు, గేటుకొక కాపలా, కాపలాకొక రిజిస్టరు ఉన్న కాలనీలో భూపాల్ అనే ఇంజనీరు తన తెల్ల డిజైర్‌ను అమ్మకానికి పెట్టాడు. పదమూడేళ్ళ నాటి పెట్రోలు బండి. లక్ష్మీనర్సయ్య ఇంజను జోలికి పోలేదు. నేరుగా వెనక్కి నడిచి డిక్కీ తెరిపించాడు. లోపలికి తల పెట్టి వాసన చూశాడు. మూలల్లో వేలితో గీకి, ఆ వేలిని వెలుతురులో తిప్పి చూసుకున్నాడు.

"రెండు బస్తాలు పడ్తయా?" అన్నాడు.

"ఇది కారండీ," అన్నాడు భూపాల్.

"కారే. డిక్కీ ఉన్న కారు. తర్వాత వచ్చిన డిజైర్లకు డిక్కీ చిన్నగ చేసిండ్రు. అందుకనే పాతది ఎతుక్కుంట ఇంత దూరం వచ్చిన."

సెడాన్ అంటే ఏమిటో ఆయన భార్య పరమేశ్వరికి ఆ రోజు తెలిసింది. ముందు మనుషులు, వెనక కందిపప్పు.

ఆమె పూర్తి పేరు కన్యకాపరమేశ్వరి. చేవెళ్ళ బజారులో వాళ్ళ వీధిలోనే ఆ పేరుగలవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఆ పేరు రెండు వరుసలు తిన్నది. లైసెన్సు తీసుకోవాలన్న సరదా ఆమెకేమీ లేదు. లక్ష్మీనర్సయ్య పొద్దున ఆరింటికి కిరాణా దుకాణం తెరుస్తాడు. కూతురు భవిత మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. కాలేజీ బస్సు వీధి చివరికి రావడం, ఆ పిల్ల లేవడం ఒకే సమయానికి జరుగుతుండేవి. కాబట్టి కారు వచ్చింది, కారు వెంట స్టీరింగు పరమేశ్వరి చేతికి వచ్చింది.

వచ్చాకనే ఒక సంగతి బయటపడింది. ఇంట్లో భవిత మాటలు మూడే: ఆఁ, ఊఁ, తర్వాత. కారులో ముడిమ్యాల దాటాక మాత్రం ఆ పిల్ల నోరు దానంతటదే తెరుచుకునేది. ఇద్దరూ రోడ్డు వైపే చూస్తుంటారు కదా, ఒకరి ముఖం ఒకరికి కనపడదు. అదీ సౌకర్యం. స్నేహితురాలు సింధుజతో గొడవ, ల్యాబులో మాడిపోయిన సర్క్యూటు, ఇంటర్వ్యూలు, అన్నీ ఆ ఇరవై కిలోమీటర్లలోనే బయటికి వచ్చేవి. ఒకసారి కనకమామిడి నుంచి కాలేజీ గేటు దాకా ఏడ్చింది కూడా. పరమేశ్వరి ఒక్క మాట అనకుండా గేరు మార్చుకుంటూ పోయింది. దిగేటప్పుడు భవిత, "థాంక్స్ మమ్మీ," అన్నది. ఏమీ చెయ్యనందుకు ఆమెకు ఎవరైనా థాంక్స్ చెప్పడం అదే మొదటిసారి.

ఫిబ్రవరిలో ఎండ ముదిరేసరికి కారు ఆగడం మొదలుపెట్టింది.

ఆగడమంటే దబ్బున కాదు. ముందు రెండు కుదుపులు, తర్వాత ఎంత తొక్కినా గుంజకపోవడం, ఆపైన మౌనం. అరగంట రోడ్డు పక్కన నిలబడితే తనంతట తానే లేచేది. పగలే, తిరుగు ప్రయాణంలోనే ఎక్కువ. చేవెళ్ళలో మెకానిక్ నాగేందర్ దగ్గరికి తీసుకుపోతే, దవాఖాన గడప తొక్కగానే జ్వరం తగ్గిపోయే పిల్లలాగా బుద్ధిగా నిలబడేది. నాగేందర్ మొదట ప్లగ్గులు మార్చాడు. తర్వాత ఫిల్టరు మార్చాడు. ఆ తర్వాత బ్యాటరీ మార్చి, "ఇగ ఆగదు సేటు, ఆగితే నా పేరు మార్చుకుంట," అన్నాడు. బండి మూడో రోజు ఆగింది. పేరు అదే ఉన్నది.

"అమ్మేద్దం," అన్నాడు లక్ష్మీనర్సయ్య, అన్నం కలుపుకుంటూ. "మొయినాబాద్‌ల ప్రేమ్‌చంద్ సారు అడుగుతున్నడు. ఆదివారం చర్చి అయినంక వస్తడు. ఆగుతదని చెప్పిన. చెప్పే రేటు తగ్గించిన. మాట అయింది."

"మరి భవిత?"

"కాలేజీ బస్సున్నది గద. రెండు నెలలల్ల చదువే అయిపాయె."

రెండు నెలలు. ఆ తర్వాత పిల్ల ఏ ఊరికి పోతుందో, ఎవరితో మాట్లాడుతుందో. ఈ రెండు నెలలే తనకు మిగిలినవని ఆయనకు ఎట్లా చెప్పాలో పరమేశ్వరికి తెలియలేదు. ఆయనకు ఏదైనా కాంటా మీద పెట్టి చూపించాలి. ఇది కాంటా మీద నిలబడే సరుకు కాదు. మజ్జిగ పోసింది.

మంగళవారం కూతురిని దింపి వస్తుంటే బండి తోల్కట్ట దగ్గర ఆగింది. చాయ్ బండి అతను ఫోను చేస్తే, ఎంకపల్లి వైపు నుంచి మోపెడ్ మీద ఒక ముసలాయన వచ్చాడు. పేరు గిద్యోను. ముప్పై ఏళ్ళుగా రేకుల షెడ్డులో బండ్లు బాగు చేస్తున్నాడట. వచ్చి బానెట్ తెరవలేదు. వెనక తలుపు తీసి, సీటు అంచున కూర్చుని, ఆమె ఇచ్చిన మంచినీళ్ళు నిదానంగా తాగాడు.

"ఎన్నడన్న ఆగకుండ నడిచిందా అమ్మా?"

పరమేశ్వరి తడబడింది. ఎప్పుడెప్పుడు ఆగిందో చెప్పడానికి జాబితా సిద్ధంగా పెట్టుకుని ఉన్నది. "అందరు ఎప్పుడాగిందని అడుగుతరు," అన్నది.

"ఆగిన సంగతి బండే చెప్తది. ఆగని సంగతి మనమే యాది చేసుకోవాలె."

యాది చేసుకున్నది. మార్చిలో జహీరాబాద్‌లో పెళ్ళి. మూడు రోజులు, మంచి ఎండలో, కారు నిండా మనుషులతో తిరిగింది. ఒక్కసారీ ఆగలేదు.

"ఆ మూడు దినాలల్ల ఏం ఫరక్ ఉండె?"

"ఏం లేదు. అదే బండి, అదే రోడ్డు..." అంటూ పరమేశ్వరి స్టీరింగు వెనక్కి చూసి ఆగిపోయింది. అక్కడ పసుపు దీపం వెలుగుతున్నది, పెట్రోలు అడుగంటిందని చెప్పే దీపం. కారు కొన్ననాటి నుంచి అది అఖండ దీపంలాగా వెలుగుతూనే ఉన్నది, ఒక్క ఆ మూడు రోజులు తప్ప. పెళ్ళివారు వచ్చిన కార్లన్నిటికీ ట్యాంకు నింపించారు.

లక్ష్మీనర్సయ్య ట్యాంకు నింపడు. పిసినారితనం అందామంటే అదీ కాదు. పెళ్ళిళ్ళకు, చదువులకు, గుడికి చెయ్యి ముడిచే మనిషి కాడు. ఆయనకొక సిద్ధాంతం ఉన్నది. దుకాణంలో నాలుగు రోజులకు మించి ఏ సరుకూ ఉండొద్దు. సరుకు పండుకుంటే లాభం పండుకుంటది. ట్యాంకు కూడా గోదామే. అందుకని ఏ రోజుకారోజు మూడు వందల పెట్రోలు, అదీ దీపం బాగా వెలిగాక.

గిద్యోను ఆమె చెప్పిందంతా విని, వెనక సీటు ఎత్తి కింద ఉన్న గుండ్రటి మూత చూపించాడు.

"మీ ఇంట్ల బోరున్నదా?"

"ఉన్నది."

"నీళ్ళు దిగిపోయినంక మోటరు నడిపిస్తరా?"

"అమ్మో, కాలిపోదా?"

"మరి దీనికే అన్యాయం చేసిందమ్మా? ఈ ట్యాంకుల గూడ పంపే ఉన్నది. పెట్రోల్ల మునిగి ఉంటది. పెట్రోలే దానికి చల్లదనం. మీరు అడుగున గింత పోసి, ఎండల ఉరికిస్తున్నరు. వేడెక్కి గుంజుడు బందు చేస్తది. చల్లారినంక మళ్ల లేస్తది. బండి తప్పేం లేదు."

"పంపు మార్చాల్నా?"

"ఇప్పుడే ఎందుకు? సగం ట్యాంకు కిందికి దిగకుండ నడిపి చూడుండ్రి. అప్పటికీ ఆగితే నన్ను పిలువుండ్రి."

బీయస్సీ ఫిజిక్సులో ఫస్టు క్లాసు తెచ్చుకున్న పరమేశ్వరి తల కిందికి వేసుకున్నది. చేవెళ్ళలో చదువురాని రైతుకు కూడా నీళ్ళు లేని బోరులో మోటరు తిప్పొద్దని తెలుసు. ఆ ఒక్క ముక్క కారుకు వర్తిస్తుందని ముగ్గురు మనుషులకూ మూడు నెలలుగా తట్టలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్తకు చెప్పింది. ఆయన పొలమారేదాకా నవ్వాడు.

"ఆ గిద్యోను పెట్రోలు బంకోళ్ళకు చుట్టమా?"

"నవ్వకుండ్రి. బోరు మోటరు..."

"బోరుల నీళ్ళు మనం పోస్తమా? భూమి పోస్తది. ట్యాంకు నింపి పండపెట్టుడు నాతోని కాదు. అయినా ఆదివారం అమ్మేదానికి గీ ముచ్చటంత ఎందుకు?"

పరమేశ్వరి మాట్లాడలేదు. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆమె మౌనాన్ని ఆయన అంగీకారంగానే జమ కట్టుకుంటూ వచ్చాడు. ఆమె కూడా ఎప్పుడూ సరిదిద్దలేదు, అది చాలాసార్లు పనికొచ్చింది.

బుధవారం కూతురిని దింపి, మొయినాబాద్‌లో పెట్రోలు బంకు దగ్గర ఆపింది. బంకు అతనికి ఈ కారు బాగా తెలుసు. అడగకుండానే మూడు వందలకు మీటరు పెట్టబోయాడు.

"నింపు," అన్నది.

"ఎంతమ్మా?"

"నిండేదాక."

అతను పైపు పట్టుకుని ఒకసారి ఆమెను, ఒకసారి కారును చూశాడు. "దూరం పోతున్నరా అమ్మా?"

"చేవెళ్ళ దాక."

గురువారం సాయంత్రం లక్ష్మీనర్సయ్య బస్తాలు దించుకోవడానికి కారు తాళం తిప్పాడు. పెట్రోలు ముల్లు పైకి లేచి, చివరి గీత మీద నిలబడింది. దుకాణం వదిలి జహీరాబాద్ పెళ్ళికి పోలేదు కాబట్టి, ఆ ముల్లును ఆ చోట ఆయన సొంత కారులో ఎన్నడూ చూసి ఉండలేదు. అద్దం మీద వేలితో రెండు దెబ్బలు కొట్టాడు. తాళం తీసి మళ్ళీ పెట్టాడు. ముల్లు కదలలేదు.

"ఓ పరమేశ్వరీ, మీటరు గూడ పాడైంది!" అని ఇంట్లోకి కేక వేశాడు. "ఇది గూడ ప్రేమ్‌చంద్ సారుకు చెప్పాలె. యాది చెయ్యి."

"చేస్త," అన్నది పరమేశ్వరి, పోపు వేస్తూ.

ఆ మాటలో ఆయన నిజాయితీ ఉన్నది, అదే ఆమెకు ఇబ్బంది. పురుగు పట్టిన పప్పును పక్కకు పెట్టి, అడిగినవాళ్ళకు పురుగుతో సహా చూపించి అమ్మే మనిషి ఆయన. దాచి అమ్మడం ఆ ఇంటా వంటా లేదు. దాచింది ఈ వారం తనే.

కారు బుధ, గురు, శుక్ర, శనివారాలు ఎక్కడా ఆగలేదు. ఆగకపోతే ఆయనే అమ్మకం మానుకుంటాడని ఆమె లెక్క. శనివారం రాత్రి ఆయన తృప్తిగా, "ఈ వారం ఆగనే లేదట గద! మంచిదే, సారుకు మంచి బండే పోతది," అన్నాడు. బండి బాగుపడితే అమ్మడం ఇంకా సులువన్న చిన్న సంగతి పరమేశ్వరికి అప్పుడు గానీ వెలగలేదు. తన కారును తనే తుడిచి, బొట్టు పెట్టి, బేరానికి సిద్ధం చేసింది.

ఆదివారం పదకొండున్నరకు ప్రేమ్‌చంద్, ఆయన భార్య ప్రేమజ్యోతి వచ్చారు. ఇద్దరూ చర్చి నుంచి నేరుగా, తెల్లబట్టల్లో. ఆయన గవర్నమెంటు బడిలో టీచరు. వాళ్ళు తాళం చేతికి తీసుకోకముందే లక్ష్మీనర్సయ్య చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆగుతది. ఎండల ఎక్కువ ఆగుతది. మీటరు పాడైంది. ఎడమ తలుపు గట్టిగ వెయ్యాలె. వెనక సీటుకు పసుపు మరక ఉన్నది, నాదే."

ప్రేమజ్యోతి నవ్వింది. "అన్నా, మీరు అమ్ముతున్నరా, బెదిరిస్తున్నరా?"

"మొయినాబాద్ దాక పోదం పాండ్రి. ఆగేది మీరే చూడుండ్రి."

ప్రేమ్‌చంద్ నడిపాడు, ఆమె పక్కన కూర్చున్నది. లక్ష్మీనర్సయ్య, పరమేశ్వరి వెనక. పన్నెండు గంటల ఎండ రోడ్డు మీద నీళ్ళలాగా కదులుతున్నది. కనకమామిడి వస్తుండగా లక్ష్మీనర్సయ్య ముందుకు వంగాడు.

"ఇగో, ఇక్కడ ఆగుతది."

ఆగలేదు.

"గా మలుపు కాడ."

మలుపు దాటింది. తోల్కట్ట వచ్చింది. "ఇక్కడ పక్కా," అన్నాడు. కారు పాట పాడినట్టు సాగిపోయింది. చెప్పిన తప్పు సరుకులో కనపడకపోతే, కొనేవాడి ముందు కాంటా తప్పు చూపినంత అవమానం ఆయన ముఖంలో కనపడింది. రెండు చేతులూ ముందు సీటు మీద వేసి, ఆగుమని కారును బతిమాలుతున్నట్టు కూర్చున్నాడు.

మొయినాబాద్‌లో నీడకు ఆపి, ప్రేమ్‌చంద్ వెనక్కి తిరిగాడు. "బండి బంగారం లెక్క ఉన్నది సేటు. గీ ముల్లేంది, ఇంత పైన చూపెడుతున్నది? నిజంగ పాడైందా?"

"పాడైంది సారూ. గురువారం నుంచి."

పరమేశ్వరి కిటికీ వైపు చూసింది. నోరు మూసుకుంటే ఏమవుతుంది? ఈయన మీటరు పాడైందనే అనుకుంటాడు. తనకు తోచినంత పోయించుకుంటాడు. ట్యాంకు అడుగంటగానే బండి ఎండలో ఆగుతుంది. విసిగిపోయి వాపసు తెస్తాడు. ఆ ఆలోచన చాలా బాగున్నది. బండి తిరిగి రోడ్డెక్కి ఒక కిలోమీటరు పోయేదాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నది. అద్దంలో ప్రేమజ్యోతి ముఖం కనపడింది. ఆమె అప్పుడే డాష్‌బోర్డు మీది దుమ్మును కొంగుతో తుడుస్తున్నది, సొంత వస్తువును తుడిచినట్టు.

"మీటరు మంచిగనే ఉన్నది అన్నా," అన్నది పరమేశ్వరి. "ట్యాంకు నేనే నింపించిన." బోరు మోటరుతో మొదలుపెట్టి గిద్యోను చెప్పిందంతా చెప్పింది. "సగం కిందికి దిగనియ్యకుండ్రి. అది ఒక్కటే దీని జబ్బు. అది గూడ దీనిది కాదు, మాది."



"ఎప్పుడు నింపించినవు?" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"బుధవారం."

"అంటే నాలుగు దినాల సంది పండుకున్నదన్నట్టు."

"పండుకోలే. నడిచింది."

ముందు సీట్లో ప్రేమ్‌చంద్‌కు ఆనందం ఆగలేదు. "అయితే ఇంక ఫికరే లేదు సేటు! రేపే రాసుకుందం," అని భార్యతో సీటు కవర్ల రంగు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ సందట్లో లక్ష్మీనర్సయ్య గొంతు తగ్గించాడు.

"అమ్ముడు ఇష్టం లేకుంటే ముందే చెప్పొద్దా?"

"ఏమని చెప్పాలె? పొద్దుగాల మాట్లాడుకుంటమని చెప్పాల్నా?"

"ఎవరితోని?"

"భవితతోని."

"అది మాట్లాడదు గద."

"ఇంట్ల మాట్లాడదు. ఈ కారుల మాట్లాడుతది." కొంచెం ఆగి, ఇక దాచి ఏం లాభమన్నట్టు, "మూడు ఇంటర్వ్యూలు పోయినయి దానికి," అన్నది.

ఆయన ఆమె వైపు తిరగబోయి, ఏమనుకున్నాడో, మళ్ళీ రోడ్డు వైపే చూశాడు. "నాకు చెప్పలే."

"మీరు ఎదురుంగ కూసుంటరు. ఎదురుంగ కూసుంటే అది ఎవ్వరికి చెప్పదు."

 ఇట్లా పక్కపక్కన, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఇంత మాట తామిద్దరూ ఎప్పుడు మాట్లాడుకున్నారో పరమేశ్వరికి కూడా గుర్తు రాలేదు.

ఇంట్లో చాయ్ గ్లాసులు కింద పెట్టాక లక్ష్మీనర్సయ్య గొంతు సవరించుకున్నాడు. "సారూ, బండి ఇయ్య."

"రేటు పెంచుతరా సేటు?"

"పెంచ. ఇయ్యనే ఇయ్య."

"మాటన్నరు గద!"

"మాటన్నది ఆగే బండికి. ఇది ఆగని బండి. నమూనా ఒకటి, సరుకు ఒకటయితే బేరం చెల్లదు. గిది నేను పెట్టిన రూలు కాదు, మా బజారు రూలు."

ప్రేమ్‌చంద్ నొచ్చుకున్నాడు. దాచడం ఆయనకు చేతకాలేదు. "ఆగితే ఇచ్చేటోళ్ళు, ఆగకుంటే ఇయ్యరా?" అన్నాడు. ప్రేమజ్యోతి మాత్రం భర్తను కాదు, పరమేశ్వరిని చూస్తున్నది. వెనక సీటు మాటలు ముందుకు ఎంత వినపడ్డాయో తెలియదు. "పోనీయుండ్రి," అని లేచింది. "మనకు ఇంకోటి దొరుకుతది." లక్ష్మీనర్సయ్య వాళ్ళతో బస్‌స్టాపు దాకా నడిచి, పాత డిజైర్ ఎక్కడున్నా తానే వచ్చి చూసి పెడతానని రెండుసార్లు చెప్పాడు. మాట తప్పిన రోజు ఆయన అన్నం సగమే తిన్నాడు. పరమేశ్వరికి గెలిచినట్టు ఏమీ అనిపించలేదు.

చెయ్యి కడుక్కుంటూ ఆయన, "రేపు నేను గూడ వస్త," అన్నాడు.

"ఎక్కడికి?"

"మొయినాబాద్‌కు."

"దుకాణం?"

"తొమ్మిదిన్నరకు తెరుస్త."

ఆయన తండ్రి పోయిన రోజున తప్ప ఆ దుకాణం అంత ఆలస్యంగా తెరుచుకోలేదు. పరమేశ్వరి తువ్వాలు అందించింది. "మీరొస్తే అది నోరు తెరవదు."

"నేనేం మాట్లాడ. ఉత్తగ వింట."

"మీరు వినేది గూడ గట్టిగనే వింటరు."

సోమవారం పొద్దున వెనక సీట్లో తండ్రిని చూసి భవిత తలుపు దగ్గరే నిలబడిపోయింది. "డాడీ ఎందుకు?"

"మొయినాబాద్‌ల పనున్నది," అన్నాడు లక్ష్మీనర్సయ్య.

ముడిమ్యాల దాటింది. పిల్ల మాట్లాడలేదు. ఫోను తీసి చూసింది, పెట్టేసింది. వెనక నుంచి ఆయన దగ్గు వినపడింది, ఏదో అడగడానికి ముందు వచ్చే దగ్గు. పరమేశ్వరి అద్దంలో నుంచి చూసింది. ఆయన ఆ చూపు అందుకుని, నోట్లోకి వచ్చిన ప్రశ్నను మింగి, తలను కిటికీ అద్దానికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కనకమామిడి దగ్గర సన్నగా గురక మొదలైంది.

ఆయన గురకను ఇరవై మూడేళ్ళుగా వింటున్న మనిషికి అది ఆయనది కాదని వెంటనే తెలిసింది. అసలు గురకకు చివర ఒక ఈల ఉంటుంది.

భవిత వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ ముందుకు తిరిగి, సీటు బెల్టును వేలికి చుట్టుకుంటూ కూర్చున్నది.

"మమ్మీ."

"ఊఁ."

"గురువారం ఇంకో ఇంటర్వ్యూ. నాలుగోది." బెల్టును వేలి నుంచి విప్పుకున్నది. "పోబుద్ధి అయితలేదు."

"ఎందుకు?"

"ఇది గూడ పోతే డాడీకి ఏం చెప్పాలె?"

వెనక గురక మధ్యలో తెగింది.  రెండు క్షణాలు గడిచాయి. తర్వాత గురక మళ్ళీ మొదలైంది, ఈసారి ఇంకా మెల్లగా, నిద్రపోతున్న మనిషి ఎవరినో లేపకూడదని జాగ్రత్తపడుతున్నట్టు.

"ఇంకా చెప్పు," అన్నది పరమేశ్వరి.

భవిత చెప్పడం మొదలుపెట్టింది. తోల్కట్ట దగ్గర కంకర లారీ ఒకటి ముందు అడ్డం వచ్చి నెమ్మదిగా పోతున్నది. దాటడానికి కుడివైపు చోటున్నది. పరమేశ్వరి దాటలేదు.